లేచినవారికి అన్నము

ధ్యాన భాగములు: లూకా 8:40–56, యోహాను 11:38–44, అపొస్తలుల కార్యములు 12:1–17



సమాజమందిరపు అధికారియైన యాయీరు ఇంట జరిగిన సంగతి మీలో చిన్నపిల్లలు సైతము ఎరుగుదురు. ఆదివారపు బడిలో ఆ కథ చెప్పునప్పుడు చిన్నది లేచి కూర్చుండగానే మనము పుస్తకము మూసివేయుదుము. లూకా అక్కడ ఆపలేదు. తల్లిదండ్రులు నోటమాట లేక నిలిచియుండగా ప్రభువు వారికి ఒక చిన్న పని చెప్పెను. పిల్లకు తినుటకేమైన ఇయ్యవలెననెను. అంతే. జబ్బుపడి ఎన్నిపూటల నుండి తినలేదో ఆ పన్నెండేండ్ల పిల్ల! ప్రాణము తిరిగి ఇచ్చినవాడు అన్నము కూడ తానే పెట్టగలడు. తరువాతి అధ్యాయములోనే అయిదువేల మందికి పెట్టబోవుచున్నాడు. అయినను ఆ పనిని ఇంటివారికి విడిచెను.

ఈ నెల ఈ సంగతిని ఎందుకు ఎత్తుకొంటిమో దాచక చెప్పెదము. మేము చేసిన ఒక పొరపాటు మమ్మును దీనియొద్దకు తెచ్చినది.

మేము పరిచర్య చేయుచుండిన ఒక గ్రామములో సంఘపెద్ద ఒకరు ఉండిరి. ముప్పది ఏండ్లు ఆరాధనలో పాటలు నడిపించినవారు. పాటల పుస్తకము చేతబట్టి మేము ఎన్నడును చూడలేదు. ఊపిరితిత్తులకు జబ్బుచేసి పట్టణములోని ఆసుపత్రిలో చేరిరి. మూడవ రాత్రి వార్డులోనే గుండె ఆగిపోయెను. డ్యూటీలో ఉన్న నర్సు పరుగెత్తివచ్చి రొమ్ము నొక్కసాగెను, డాక్టర్లు వచ్చిరి, కొన్ని నిమిషములకు నాడి తిరిగి అందెను. ఐ.సి.యు.లో చాల దినములుండి ఇంటికి వచ్చిరి.

మా సంతోషమునకు మేర లేదు. షామియానా వేయించి, మైకు కట్టించి కృతజ్ఞతా కూటము పెట్టితిమి. ప్రక్క గ్రామములనుండి ట్రాక్టర్ల మీద జనము వచ్చిరి. సంఘము చేసిన ప్రార్థనవలననే ఈయన తిరిగి వచ్చెనని వేదికమీద నుండి మేమే చెప్పితిమి. పిమ్మట మైకు ఆయన చేతికిచ్చి పాట ఎత్తుమంటిమి. మొదటి చరణము వచ్చెను. రెండవది రాలేదు. మరల మొదటిది ఎత్తిరి. మరల అక్కడనే నిలిచిపోయిరి. అంతలో వెనుకనుండి ఎవరో, "పరలోకం చూశారా, ఏం చూశారో చెప్పండి" అని కేకవేసిరి. ఆయన మా వైపు చూచి, "ఏమీ చూడలేదండీ. ఆ రాత్రి సంగతే నాకు జ్ఞాపకం లేదు" అనిరి. జనము నిరాశపడుట మాకు స్పష్టముగా తెలిసెను. ఆయన కూర్చుండి ఏడ్చిరి. ఆ వారములో ఊరిలో మాటలు బయలుదేరినవి. విశ్వాసము చల్లారెనని కొందరు, చచ్చి బ్రతికినవాడు పాత మనిషి కాడని కొందరు.

కూటము ముగిసిన తరువాత ఇంకొకటి జరిగెను. ఒక సహోదరి వచ్చి నిలిచెను. రెండు మాసముల క్రితమే ఆమె భర్తకు అట్లే ఆసుపత్రిలో గుండె ఆగెను. డాక్టర్లు చాలసేపు ప్రయత్నించిరి గాని ఆయన లేవలేదు. ఆమె కోపముగా అడుగలేదు. "మేమూ ఉపవాసం ఉన్నాం గదండీ అయ్యగారూ. మా ప్రార్థనలో ఏం తక్కువైంది?" అని మాత్రము అడిగెను. అప్పుడే వేదిక దిగిన మా నోట మాట లేదు.

ఆ పిమ్మట మేము వైద్యులను అడిగియు, చదివియు కొంత నేర్చుకొంటిమి. కూటము పెట్టకమునుపే నేర్చుకొనవలసినది.

మొదట ఒక భేదము తెలియవలెను. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవుట వేరు. గుండెపోటులో గుండెకు రక్తము తెచ్చు నాళము మూసుకొనును. మనిషి నొప్పితో మాటలాడుచునే ఉండవచ్చును. గుండె ఆగినప్పుడు రక్తము కదలదు. మనిషి తెలివి తప్పును, ఊపిరి నిలుచును, లేక ఎగశ్వాసగా మారును. కొద్ది నిమిషములలోనే మెదడు చెడుట ఆరంభించును. ఆసుపత్రిలో ఉన్న రోగులకు ఇది గుండెజబ్బు వలననే రావలెనని లేదు. ఊపిరి చాలక, రక్తములో విషము వ్యాపించి, రక్తము పోయి, లవణములు తప్పి కూడ గుండె ఆగును. దాని లయ చెదరి వణకుచున్నప్పుడు విద్యుత్తు షాకు పనిచేయును. అయితే వార్డులలో ఎక్కువమందిది షాకుకు లొంగు విధము కాదు. వారికి చేతులతో నొక్కుట, ఊపిరి ఇచ్చుట, మందు, మూలకారణమును వెదకుట, ఇవే గతి.

చేతులతో నొక్కుట అనునది ఎట్లు వచ్చెనో వినుడి, అది రుచిగల సంగతి. పూర్వము గుండె ఆగినయెడల రొమ్ము కోసి, గుండెను చేతబట్టి పిసుకుచుండిరి. అమెరికాలోని బాల్టిమోర్ నగరములో జాన్స్ హాప్కిన్స్ అను విద్యాలయమున విలియం కౌవెన్‌హోవెన్ అను పెద్దాయన ఉండెను. ఆయన వైద్యుడు కాడు, విద్యుత్ ఇంజనీరు. కరెంటు తీగలమీద పనిచేయువారు షాకు తగిలి చనిపోవుచుండగా, ఆగిన గుండెను షాకుతోనే తిరిగి నడిపింపవచ్చునా అని ఏండ్ల తరబడి పరిశోధించెను. 1958లో, ఆయనకు డెబ్బది దాటిన వయస్సున, ఆయనయొద్ద పనిచేయుచున్న గై నికర్‌బాకర్ అను పడుచువాడు ఒక సంగతి గమనించెను. కుక్కల రొమ్ముమీద షాకు పలకలను గట్టిగా అదిమినప్పుడు, షాకు ఇయ్యకమునుపే రక్తపు ఒత్తిడి కొంచెము లేచుచుండెను. అదుమువాని చేతులే రక్తమును నడిపించుచున్నవన్నమాట! జేమ్స్ జూడ్ అను శస్త్రవైద్యుడు వారితో చేరెను. 1959 జూలైలో పిత్తాశయపు ఆపరేషనుకు వచ్చిన ఒక స్త్రీకి గుండె ఆగగా రొమ్ము కోయకయే పైనుండి నొక్కిరి; ఆమె బ్రతికెను. 1960లో ఆ ముగ్గురును 20 మంది రోగుల సంగతి ప్రకటించిరి. వారిలో 14 మంది బ్రతికిరి. ఇందుకు కావలసినవి రెండు చేతులేయని వారు చెప్పిన మాట లోకమంతట పాకెను. నోటినుండి నోటికి ఊపిరి ఇచ్చు పద్ధతి అంతకు కొంచెము ముందే స్థిరపడియుండెను. (షూనేమీయురాలి కుమారుని మీద ఎలీషా పండుకొనిన సంగతి చదివి, ఇదే ఆ వైద్యమని కొందరు బోధకులు చెప్పుచుందురు. మాకది సరిపడదు. లేఖనమును వైద్యపుస్తకము చేయనక్కర లేదు.)

ఆ ఇరువదిమందిలో పదునలుగురు అను లెక్కను చూచి మోసపోకుడి. వారిలో అనేకులు ఆపరేషను సమయమున, డాక్టర్ల చేతిక్రింద గుండె ఆగినవారు. నేటి వార్డులలోనివారు ముసలివారు, అనేక జబ్బులు పెనవేసికొనినవారు. అమెరికాలో 374 ఆసుపత్రుల లెక్కలు కూర్చి 2012లో ప్రకటించిరి. 2000 సంవత్సరమున ఆసుపత్రిలో గుండె ఆగిన నూరుమందిలో ఇంచుమించు 14 మంది ప్రాణముతో ఇంటికి వెళ్లిరి. 2009 నాటికి 22 మంది. తరువాతి లెక్కలలో అది అక్కడ నలుగురిలో ఒకరివరకు వచ్చినది. అనగా మంచి సాధనములున్న దేశములో సైతము నలుగురిలో ముగ్గురు తిరిగి రారు. మరియు ఏ గడియలో ఆగెననునది కూడ ఉన్నది. పగటికంటె రాత్రివేళ ఆగినవారు తక్కువగా బ్రతుకుచున్నారని 2008లో తేలెను. షాకుకు లొంగు విధముగా గుండె ఆగినవారిలో, రెండు నిమిషములలోపల షాకు అందినవారు నూటికి 39 మంది ఇల్లు చేరగా, ఆలస్యమైనవారు 22 మంది మాత్రమే చేరిరని అదే సంవత్సరమున మరియొక పరిశోధన చెప్పెను.

ప్రియులారా, రెండు నిమిషములు! ఒక భార్య మోకాళ్లమీద ఉన్నది, మరియొక భార్యయు మోకాళ్లమీదనే ఉన్నది. ఒకరి భర్త మంచము నర్సు గదికి దగ్గర, ఒకరిది దూరము. ఇందులో ఎవరి విశ్వాసమును ఎవరు తూచగలరు?

అపొస్తలుల కార్యములు పండ్రెండవ అధ్యాయము తెరిచి చూడుడి. హేరోదు యాకోబును కత్తితో చంపించెను. పేతురును చెరసాలలో వేయించెను. రాత్రి దూత వచ్చి పేతురును విడిపించెను. మార్కు తల్లియైన మరియ ఇంట కూడి ప్రార్థించుచున్నవారు తలుపు తీసి అతనిని చూచి విభ్రాంతినొందిరి. అదే సంఘము, అదే కాలము. యాకోబు కొరకు వారు ప్రార్థింపలేదని మీరు తలంచుచున్నారా? పేతురు తట్టిన ఆ రాత్రి యాకోబు ఇంటివారును ఆ సంఘములోని వారే గదా. వారిని చూచి, మీ ప్రార్థన తక్కువైనది అని ఎవరైన అన్నట్టు లూకా వ్రాయలేదు. మేము ఆ మాటను నోటితో అనలేదు గాని, మైకులో మేము పలికిన పలుకునకు అర్థమదియే. ఆ సహోదరి సరిగానే విన్నది. ఆమె ఇంటికి వెళ్లి ఆ మాట తప్పని చెప్పితిమి. యాకోబెందుకు, పేతురెందుకు అన్నది ఆమెకు మేము చెప్పలేకపోతిమి, నేటికిని చెప్పలేము.

ఆ కూటములో నర్సును ఎవరును తలంచలేదను సంగతియు తరువాతనే మాకు తట్టినది. ఆమె పేరైనను మేము అడిగియుండలేదు.

ఇక లేచినవారి సంగతి. గుండె తిరిగి కొట్టుకొనుట మొదటి మెట్టే. మెదడు రక్తము లేక ఆకలిగొనియున్నది; ఇతర అవయవములును అట్లే. తెలివి రానివారిని వెంటిలేటరు మీద ఉంచి, జ్వరము రాకుండ కాపాడి, కనిపెట్టుదురు. ఇట్టివారు కోలుకొందురా లేదా అని తొందరపడి తీర్పు చెప్పరాదనియు, కనీసము 72 గంటలైనను కనిపెట్టవలెననియు వైద్యుల నియమము. ఆ మూడు దినములు వరండాలో చాపమీద కూర్చుండిన కుటుంబమునకు ఎంత పొడవో కూర్చుండినవారికే తెలియును. అప్పుడు వారికి క్యారేజీలో అన్నము తీసికొనిపోవువారు కావలెను. బిల్లు కాగితము చదివి చెప్పువారు కావలెను. మేము సాధారణముగా ఆ సమయమున దూరముననుండి ప్రార్థన చేసి, ఇంటికి వచ్చిన తరువాత పూలదండతో వెళ్లుచున్నాము.

నొక్కినప్పుడు ప్రక్కటెముకలు విరుగుట తరచుగా జరుగును. వారముల తరబడి దగ్గినను నవ్వినను నొప్పి. మంచమున పడియున్న కండరములు నీరసించును. వీటికంటె కనబడనివి కొన్ని గలవు: మరపు, మనస్సు ఒకదానిమీద నిలువకపోవుట, మాట వెదకుకొనుట, ఊరకనే అలసట, నిద్రపట్టకపోవుట, కన్నుమూసిన మరల లేవనేమో అను భయము, దుఃఖము. ఇవి అనేకులకు కలుగును. పైన చెప్పిన లెక్కలలో 2009లో బ్రతికి వెళ్లినవారిలో నూటికి 28 మందికి మెదడు సంబంధమైన గమనింపదగిన లోపము మిగిలెను. తక్కినవారు చూచుటకు బాగుగానే ఉందురు. అందుచేతనే వారిని మనము ఎక్కువగా గాయపరచుదుము. మా పెద్దకు రెండవ చరణము రాకపోవుట విశ్వాసము చల్లారుట కాదు. రక్తము నిలిచిన ఆ నిమిషములలో మెదడునకు తగిలిన దెబ్బ అది. ఆ రాత్రి జ్ఞాపకము లేకపోవుటయు సహజమే. లాజరు నాలుగు దినములు సమాధిలో ఉండి వచ్చెను. అక్కడ ఏమి చూచెనో ఒక్క మాటయు యోహాను వ్రాయలేదు. లేఖనము అడుగని ప్రశ్నను మనము మైకులో అడిగితిమి.

లాజరు సంగతిలో మరియొకటి గమనింపుడి. సమాధి ముందరి రాయిని మనుష్యులే తీసిరి. పిలిచినవాడు ప్రభువు. అతడు బయటికి వచ్చినప్పుడు కాళ్లు చేతులు ప్రేతవస్త్రములతో కట్టబడి, మొగము గుడ్డతో చుట్టబడి ఉండెను. ఆ కట్లు విప్పుటకు ప్రభువు అక్కడ నిలిచినవారినే నియమించెను. కట్లు విప్పుట ఒక్క లాగుతో అగునది కాదు; ఒక్కొక్క చుట్టు, నిదానముగా.

వైద్యలోకము కూడ ఈ పాఠమును ఆలస్యముగానే నేర్చుకొన్నది. ప్రాణరక్షణకు కావలసిన పనులను అమెరికా హృద్రోగ సంఘమువారు ఒక గొలుసుగా చెప్పుచుందురు. ముందుగా గుర్తించుట, సహాయము పిలుచుట, నొక్కుట, షాకు, తరువాతి వైద్యము, ఇవి లంకెలు. 2020లో ఆరవ లంకెను చేర్చిరి. దాని పేరు కోలుకొనుట. ఇల్లు చేరిన తరువాత శరీరమునకు, మనస్సునకు, కుటుంబమునకు కావలసిన ఆదరణ అంతయు దానిలోనిది. అది ఎందుకు అవసరమో 2013లో ప్రకటించిన ఒక లెక్క చెప్పును. 65 ఏండ్లు మించిన వయస్సున ఇట్లు బ్రతికి ఆసుపత్రి విడిచిన నూరుమందిలో ఒక సంవత్సరమునకు సుమారు 58 మంది సజీవులై ఉండిరి; మరల ఆసుపత్రిలో చేరనక్కర లేనివారు 34 మందియే. ఆ సంవత్సరమంతయు వారు ఉండునది ఆసుపత్రిలో కాదు, మన వీధిలో.

కాబట్టి కొన్ని మాటలు సూటిగా చెప్పెదము. అట్టివారు ఇంటికి వచ్చినప్పుడు గుంపుగా వెళ్లకుడి. ఇద్దరు వెళ్లి, కొంచెముసేపు కూర్చుండి, రండి. ఒకే మాట మరల మరల అడిగినను మొదటిసారి అడిగినట్లే చెప్పుడి. మాత్రలు ఏ పూటవి ఆ పూటకు ఇంటిలోని చదువుకొనిన పిల్లలు చీటి వ్రాసి గోడకు అంటింపవచ్చును. తిరిగి చూపించుకొనవలసిన తేదీన వెంట వెళ్లువారు ఉండవలెను. బస్సు ఎక్కించి పంపిన చాలదు. వారి భార్యలను మరువకుడి. రాత్రివేళ భర్త ఊపిరి ఆడుచున్నదో లేదో అని చేయిపెట్టి చూచుచు మేలుకొనియుండు స్త్రీకి పగలు రెండు గంటల నిద్ర కావలెను. ఆ రెండు గంటలు ఎవరైన సహోదరి వెళ్లి కూర్చుండుట గొప్ప పరిచర్య. దుఃఖమును భయమును ప్రార్థనలేమి అనకుడి. డాక్టరుతో చెప్పవలసిన సంగతులవి.

ఆసుపత్రిలో రోగికి తోడుగా ఉండువారికి ఒక మాట. 1990లో ఆసుపత్రిలో గుండె ఆగిన 64 మందిని గూర్చి అమెరికాలో పరిశీలింపగా, నూటికి 84 మందిలో అంతకుముందు ఎనిమిది గంటలలోనే పరిస్థితి చెడుచున్న గురుతులు కనబడియుండెను. ఊపిరి వేగముగా ఆడుట, పొంతనలేని మాటలు, క్రొత్తగా మత్తు, చల్లని చెమట చూచినయెడల వెంటనే నర్సుకు చెప్పుడి. కసురుదురేమో అని మన పల్లెవారు మంచము ప్రక్కన నోరుమూసికొని కూర్చుందురు. కసిరినను చెప్పుడి. ఇంటిలోనో పొలములోనో ఎవరైన కూలి, పలుకక, సరియైన ఊపిరి లేక ఉన్నయెడల ఒకరు 108కి ఫోను చేయవలెను, మరియొకరు వెంటనే రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి గట్టిగా, పెద్దవారికి అయిదు సెంటీమీటర్ల లోతు దిగునట్లు, నిమిషమునకు 100 నుండి 120 మారులు నొక్కుచుండవలెను. అలసినయెడల చేతులు మారుడి, ఆపకుడి. ఇది చదివి రాదు; తెలిసినవారిచేత చూపించుకొని నేర్చుకొనుడి.

మరియొకటి. వ్యాధి ముదిరి దేహము అన్నివిధముల అణగిపోవుచున్నప్పుడు, ఇట్టివారి గుండె ఆగినయెడల నొక్కవద్దని డాక్టర్లు కుటుంబముతో మాటలాడవచ్చును. ఆ కుటుంబము కన్నీళ్లతో ఒప్పుకొనినయెడల వారిని విశ్వాసహీనులనకుడి.

మా పెద్ద యొద్దకు మేము నెల తరువాత వెళ్లితిమి. వాకిట వేపచెట్టు క్రింద మంచముమీద కూర్చుండియుండిరి. ఒడిలో పాటల పుస్తకము, ప్రక్కన మనుమడు వ్రేలుపెట్టి చరణము చూపుచుండెను. అమ్మగారు మాకు మజ్జిగ ఇచ్చిరి. మేము తలవంచుకొని, ఆ కృతజ్ఞతా కూటములో మిమ్మును అట్లు నిలువబెట్టి బాధపెట్టితిమి, మమ్మును క్షమింపుడి అంటిమి. ఆయన మా ముఖమువైపు చాలసేపు చూచిరి. పిమ్మట ప్రక్కటెముకలకు చేయి అడ్డము పెట్టుకొని మెల్లగా నవ్వి, "ఏ కూటమండీ అయ్యగారూ?" అనిరి.